మామ గోడౌనుకు మేం వేసిన కన్నం

ఆ రోజుల్లో అనుమానానికి మందు ఉండేది కాదు. ఇప్పుడూ లేదనుకోండి, కాకపోతే ఇంట్లో ఒకరికి ఆ జబ్బు ఉంటే మిగతావాళ్ళు ఎలాగో సర్దుకుపోతారు. మా ఇంట్లో ఇద్దరికి ఉండేది. ఒకరు ఆదోనిలో పత్తి మండీ నడిపే మా మేనమామ, ఇంకొకరు ఆయన దగ్గర వ్యాపారం నేర్చుకోమని మా అమ్మ పత్తికొండ నుంచి పంపిన నేను. మామది వృత్తిరీత్యా వచ్చిన అనుమానం. రైతులు పత్తి కుక్కి తెచ్చే పెద్ద గోనెసంచిని బోరెం అంటారు. బోరెం పైన తెల్లగా మెరిసే పత్తిని ఆయన చూసేవాడే కాదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, నడిమధ్య నుంచి గుప్పెడు లాగి, బరువు కోసం నీళ్ళు చల్లారా, పోయినేటి సరుకు కలిపారా అని వేళ్ళతో తేల్చుకునేవాడు. లోపల ఏం తగిలినా ముఖం మాత్రం మారేది కాదు. ఏమీ తెలియనట్టు రైతు ఊరి వానల గురించి మాట్లాడుతూ నెమ్మదిగా ధర తగ్గించేవాడు. ఆ నిబ్బరమే అసలు వ్యాపారమని మా బజారులో అందరికీ తెలుసు.

నా అనుమానం అంత లాభసాటిది కాదు, ఒక ఆట మీద. డిగ్రీలో స్నేహితులైన ఇద్దరు ఎమ్మిగనూరులో ఉండేవాళ్ళు. వాళ్ళ సంగతి మామకు తెలుసు, ఆట సంగతే తెలియదు. ఒకతను మగ్గాల ఇంటివాడు, నోరు తెరిస్తే కథ ఆపడు గనక మాకు కథలన్న. రెండో ఆమె ఆసుపత్రిలో నర్సు, మేం మాత్రం డాక్టరమ్మ అనే పిలిచేవాళ్ళం. కథలన్న ఒక లోకం కల్పించి చెబుతాడు. మేమిద్దరం అందులో తలా ఒక వేషం వేసుకుని, నేను గోడ దూకుతాను, నేను తాళం తీస్తాను అంటాం. దూకామా, కాలు విరిగిందా అన్నది పాచిక తేలుస్తుంది. ఇలా నెలల తరబడి ఒకే కథ సాగుతుంది. బల్ల చుట్టూ కూర్చుని ఆడాల్సిన ఆట ఇది, కానీ ముగ్గురి ఉద్యోగాలూ మూడు దారులు కావడంతో కథలన్న ఒక వెబ్‌సైటు పట్టాడు. అందులో పటం పరుచుకోవచ్చు, మా బొమ్మల్ని దానిమీద జరపవచ్చు, పాచికలు వేయవచ్చు, తర్వాతి ఎత్తులు రాసిపెట్టుకోవచ్చు, ఎవరికి ఏ సాయంత్రం తీరుతుందో టిక్కులు పెట్టి రోజు ఖాయం చేసుకోవచ్చు. ఒక్కరికే కనబడేలా గుసగుస కబురు పంపే ఏర్పాటు కూడా ఉంది. (కథలన్న, డాక్టరమ్మ నాకు తెలియకుండా అందులో ఏదో నడుపుతున్నారని నా గట్టి నమ్మకం. లేకపోతే ఆమె గోడ దూకిన ప్రతిసారీ పిల్లిలా దిగడం, నేను దూకిన ప్రతిసారీ బావిలో పడటం ఎలా కుదురుతుంది?)

ఆ శ్రావణంలో మా కథ ఒక రాజుగారి ఖజానా దాకా వచ్చింది. ఖజానా పటం గీసే పని నాకు అప్పగించారు. నేను పుట్టి బుద్ధెరిగాక లోపలంతా తిరిగి చూసిన పెద్ద కట్టడం ఒక్కటే, మా మామ గోడౌను. అదే గీసేశాను. వెనక తలుపు, కాటా ఉండే మూల, పైన గాలి కోసం పెట్టిన కిటికీ, ముందర మంచం మీద పడుకునే కాపలా ముసలాయన, దేన్నీ వదల్లేదు. కింద కథలన్న మా ఎత్తు రాశాడు: "శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకి. వెనక తలుపు దొంగ చూసుకుంటాడు. కాపలా ముసలోన్ని డాక్టరమ్మ నిద్రపుచ్చుతుంది." ముగ్గురం టిక్కు పెట్టాం. పత్తి రాని కాలం, మండీలో పనేమీ లేదు. కొట్లోని కంప్యూటరులో ఆ పేజీని అలాగే తెరిచి ఉంచి నేను టీకి పోయాను. తిరిగి వచ్చేసరికి మామ ఆ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "మీ పత్తికొండ పక్క వానలు పడినాయంటనా?" అన్నాడు.

నాకు అప్పుడే తెలియాల్సింది. తెలియలేదు. మర్నాడు గోడౌనుకు కొత్త తాళం పడింది. నేను ఫోను ఎత్తితే మామ దగ్గరికి వచ్చి గోడమీది కేలండరు చూసేవాడు. ఏ నాడూ సెలవు ఇవ్వని మనిషి కాపలా ముసలాయన్ని పిలిచి, "శుక్రవారం ఉరుకుందకు పోయి ఈరన్నకు మొక్కుకోని రాపో" అని బస్సు చార్జీ కూడా ఇచ్చాడు. ఇదంతా చూసి, మామకు నామీద మనసు విరిగింది, నా స్థానంలో ఇంకెవరినో పెట్టబోతున్నాడు అని నేను అనుమానపడ్డాను. సొంత మేనమామ వెళ్ళగొట్టినవాణ్ణి ఆదోనిలో ఇంకే మండీవాడూ గడప ఎక్కనివ్వడు. మా అమ్మ అయితే తన తమ్ముడి దగ్గర నేను పైకొస్తున్నానని కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంటోంది.

శుక్రవారం ఏడింటికి మిద్దె మీద కూర్చుని, ఫోనులో వాళ్ళిద్దరి గొంతులూ వింటూ ఆట మొదలుపెట్టాను. దొంగ వేషం నాదే. కాసేపటికి మామ ఫోను.

"యాడుండావురా?"

"ఇంట్లోనే మామా, మిద్దె మీద."

"ఏడింటికని రాసుకుంటిరి గదా, ఏడున్నర కావస్తాంది. ఒగురూ రాలేదేం? ఆ ఎమ్మిగనూరోళ్ళు బస్సన్నా ఎక్కినారా ల్యాదా?"

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. చెప్పులు కూడా వేసుకోకుండా గోడౌనుకు పరిగెత్తాను. లోపల పత్తి బోరెం మీద, టార్చిలైటు ఒళ్ళో పెట్టుకుని, హమాలీ కొక్కెం చేత్తో పట్టుకుని మామ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపు నా చేతిలోని ఫోను మాట్లాడింది. కథలన్న గొంతు: "దొంగా, యాడికి పోతివప్పా? కాపలా ముసలోడు లేసి కూకున్నాడు. ఏం సేస్తావో బిరీన సెప్పు!"

మామ ఫోను వైపు చూశాడు, నా వైపు చూశాడు, కొక్కెం కింద పెట్టాడు. ఆ ఆట గురించి నేను చెప్పగలిగినంత చెప్పాను. ఆయన పటం మీద వేలితో ఒక్కొక్కటీ తాకి చూశాడు, బొమ్మల్ని జరిపి చూశాడు, చివరికి టిక్కులున్న పేజీ దగ్గర ఆగాడు. "నీకు తీరుతాదా, నీకు తీరుతాదా అని అందర్నీ అడిగి ముహూర్తం పెట్టుకునేటోళ్ళు దొంగలెట్లయితారు లే" అని లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. "ఆ పాచికలేసే కంప్యూటరు ఎవురిది?"

"తెలీదు మామా."

"ఎవురిదో తెలీనోని సేతికి పాచికలిచ్చి ఆడతాండారా?"

మా ఇద్దరి అనుమానాలూ కలిసింది ఆ ఒక్కచోటే. ఎదురుగా కూర్చుని ఆడండన్న మామ మాట మీద, ఆదివారం కథలన్న, డాక్టరమ్మ నిజం పాచికలు పట్టుకుని బస్సెక్కి ఆదోని వచ్చారు. అత్త మిరపకాయ బజ్జీలు వేసింది. మామ పాచికల్ని చెవి దగ్గర ఆడించి, దొర్లించి, సరే అన్నాక, కాపలా ముసలోడి వేషం తానే వేస్తానన్నాడు. ఇక ఆట ఎక్కడిది? ఖజానాకు గడ్డి తెచ్చిన బండిని ఆపి, మోచేతి దాకా చెయ్యి దూర్చి చూస్తానన్నాడు. ఆ గడ్డిలో దాక్కున్నది నేనే. డాక్టరమ్మ మత్తు కలిపిన మజ్జిగ ఇస్తే, "ముందు నువ్వు తాగు పాపా" అన్నాడు. పాచికలు కూడా ఆయన మాటే విన్నాయి. నెలల తరబడి నడిచిన కథ ఆ గడప దాటలేకపోయింది. "ఇట్లాంటి ముసలోడుంటే ఏ రాజ్యానికీ కథే ఉండదు పెద్దయ్యా" అని కథలన్న చేతులెత్తేశాడు.

సాయంత్రం వాళ్ళను బస్సెక్కించి ఇద్దరం నడిచి వస్తుంటే, రెండు రోజులుగా నన్ను తొలుస్తున్న మాట అడిగాను. "దొంగలొస్తారని తెలిసి కూడా ఆ ముసలాయన్ని ఎందుకు పంపించినావు మామా? హమాలీలనన్నా పిలుచుకోవచ్చు గదా? నిజంగా వచ్చింటే ఒక్కడివే ఏం సేస్తాంటివి?"

మామ రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "వచ్చేది నువ్వే గదప్పా. వాళ్ళు నిన్ను సూస్తే మళ్ళా ఈ ఊర్లో ఎట్ల తలెత్తుకుంటావు? మీయమ్మకు నేనేం సెప్పల్ల?"

ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది, బజారు మధ్యలో అది కుదరదు. ఏదో ఒకటి అనాలి గనక, "ఆడ దోమలు కుట్టలేదా మామా?" అన్నాను. అంత మాటకు నాకు దొరికిన జవాబు అదీ! తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

"కుట్టినాయప్పా, శానా కుట్టినాయి" అన్నాడు మామ, మోచెయ్యి గోక్కుంటూ.