ఈలమ్మ ఫోన్లో యాభై రెండు సెకన్లు

అమ్మానాన్నలు పెట్టిన పేరు డిపో రిజిస్టరులో ఉంది గానీ, ఆ రూటులో అది ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె ఈలమ్మే. సిటీ బస్సు కండక్టరు. బస్సులో గంట తాడు తెగిపోయి ఏళ్లు గడిచినా ఎవరూ కట్టించలేదు. దాంతో మెడలో ఈల వేలాడదీసుకుని, ఆపాలంటే ఒకసారి, కదలాలంటే రెండుసార్లు ఊదేది. నోరు కూడా ఈలకేమీ తీసిపోదు. "జరగండి నాయనా, లోపల సింహాసనాలు ఖాళీగా ఉన్నాయి" అని వెనక తలుపు దగ్గర నిలబడి కేకేస్తే, నిద్రపోతున్నవాళ్ళు కూడా ఒక అడుగు ముందుకు జరిగేవారు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, వంతెన దగ్గరి స్టాపులో బస్సు ఆగింది. ఓ ముసలాయన చంకలో గొడుగు, చేతిలో మందుల సంచితో దిగడానికి మెట్టు మీద కాలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఉన్న సందులోంచి ఒక మోటారుసైకిలు రయ్యిమని దూసుకొస్తోంది. ఆయన చూడలేదు, ఈలమ్మ చూసింది. ఈల ఊదేంత వ్యవధి లేదు. చేతికి అందింది ఆయన చొక్కా కాలరు, అదే పట్టుకుని వెనక్కి లాగేసింది. ఆయన బస్సు లోపల వెల్లకిలా పడ్డాడు. బండి మెట్టును రాసుకుంటూ పోయింది. ఆ కంగారులోనే ఈలమ్మ అరిచింది, "చావాలనుందా నీకు? కళ్ళు లేవా?" అని.

తరవాత ఆయన్ని లేపి తన సీట్లో కూర్చోబెట్టింది, చెప్పులు ఏరి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది, నీళ్ళిచ్చింది. ఆయన రెండు స్టాపుల తరవాత మెల్లగా దిగి వెళ్ళిపోయాడు. ఆమె ఆ సంగతి ఇంట్లో చెప్పను కూడా చెప్పలేదు. అలాంటివి వారానికి ఒకటైనా జరుగుతాయి.

మర్నాటికి ఆమె ఊరందరి ఫోన్లలో ఉంది.

వీడియో నిడివి పదకొండు సెకన్లు. మోటారుసైకిలు వెళ్ళిపోయాక మొదలవుతుంది. కాలరు పట్టిన చెయ్యి, పడుతున్న ముసలాయన, "చావాలనుందా నీకు" అనే గొంతు. అంతే. ఎవరు కత్తిరించారో తెలియదు. పైన పెద్ద అక్షరాలతో "ఇదీ మన కండక్టర్ల సంస్కారం" అని రాశారు.

ఆమె భర్త మోటారు వైండింగు పని చేస్తాడు. కాలిపోయిన మోటార్లలోంచి పాత రాగి తీగ లాగేసి, కొత్తది చుడతాడు. షెడ్డులో పక్కవాడు నవ్వుకుంటూ ఫోను చూపించాడట. ఆయన పని మధ్యలో వదిలేసి, చేతులకి వార్నిషుతోనే ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి అడిగాడు.

"అది నువ్వేనా?"

"ఏది?"

ఫోను ఆమె ముందు పెట్టాడు. ఆమె చూసింది. మొదటిసారి అర్థం కాలేదు, మళ్ళీ చూసింది.

"నిజంగానే పడేశావా ఆయన్ని?" అన్నాడు.

ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన విన్నాడు, తలూపాడు. కానీ ముందు ఆ మాట అడిగేశాడు కదా. ఊరు ఊరంతా తిట్టినా అంత బాధపడలేదు గానీ, ఆ ఒక్క ప్రశ్నకి ఆమె ప్రాణం చివుక్కుమంది. పద్దెనిమిదేళ్ళ కాపురం. బస్సులో నోరు పారేసుకుంటుందని తెలుసు, చెయ్యి మాత్రం ఎవరి మీదా వెయ్యదని ఆయనకి తెలియదా?

గురువారం డిపోకి వెళితే డ్యూటీ ఇవ్వలేదు. సస్పెన్షను కాయితం చేతిలో పెట్టారు. సోమవారం పదింటికి విచారణ. బస్సులో కెమెరా ఉందని గోడకి బోర్డు ఉంది, కెమెరా మాత్రం ఎప్పుడో పాడయింది. డ్రైవరుని అడిగితే, "నేను ముందుకే చూస్తానక్కా, వెనక ఏం జరిగిందో నాకేం తెలుసు?" అన్నాడు. అది అబద్ధం కాదు. శుక్రవారం, శనివారం పొద్దున్నే వెళ్ళి ముసలాయన దిగిన స్టాపులో నిలబడింది. గొడుగు పట్టుకుని దిగిన ప్రతి తల వంకా చూసింది. ఆయన రాలేదు. పైగా టీ కొట్టు దగ్గర ఇద్దరు ఆమెను గుర్తుపట్టి గుసగుసలాడుకున్నారు. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకి ఆడపడుచు ఫోను చేసింది. ఆమె వేరే ఊళ్ళో, కోర్టు పక్కన టైపింగ్ సెంటరులో పని చేస్తుంది. ఏ కాయితం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో బాగా తెలిసిన మనిషి.

"వదినా, కూర్చో. నీ వీడియో మొత్తం దొరికింది."

"మొత్తమంటే?"

"తిట్లన్నీ చదువుకుంటూ పోయాను. ఎక్కడో అడుగున ఒకావిడ, పూర్తి వీడియో నా పేజీలో ఉంది, చూసి మాట్లాడండి అని రాసింది. యాభై రెండు సెకన్లు. బండి కనిపిస్తోంది వదినా! నువ్వు చెప్పులు ఏరడం కూడా ఉంది."

ఈలమ్మకి ఏడుపొచ్చింది. ఆడపడుచు లింకు పంపింది. రోజూ రెండో కిటికీ దగ్గర కూర్చునే నర్సు తీసిన వీడియో అది. వంతెన మీంచి నది తీద్దామని ఫోను పట్టుకుంటే, ఇదంతా అందులో పడింది. చూసినవాళ్ళు రెండొందల పద్నాలుగు మంది. పదకొండు సెకన్ల ముక్కని చూసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

ఈలమ్మ ఆ పేజీలోనే నర్సుకి విచారణ సంగతి చెబుతూ ఓ మెసేజీ పెట్టింది. పావుగంటలో జవాబొచ్చింది. "మీరు మంచివారని నాకు తెలుసక్కా. కానీ నన్ను కూడా తిడుతున్నారు. ఫొటోలు వెతికి తీసి ఏవేవో రాస్తున్నారు. మా ఇంట్లో భయపడుతున్నారు. మధ్యాహ్నం రెండింటికి తీసేస్తాను. ఈలోగా మీరు దాచుకోండి. విచారణలో చూపించండి, ఇంకెక్కడా పెట్టకండి, నా పేరు చెప్పకండి. నా ఫోన్లో వేరే కాపీ లేదు, నేరుగా యాప్‌లోనే తీశాను." మాటిస్తున్నానని ఈలమ్మ తిరిగి రాసింది.

"దాచేశానులే," అంది ఈలమ్మ ఆడపడుచుతో. "కింద జెండా లాంటి గుర్తుంది కదా, సేవ్ అని. అది నొక్కాను."

"అయ్యో వదినా! అది ఫోన్లోకి రాదు. పుస్తకంలో కాయితం ముక్క పెట్టుకున్నట్టు, అంతే. పుస్తకమే పట్టుకుపోతే ఇంకేం ఉంటుంది? ఆవిడ తీసేయగానే అదీ పోతుంది. నేనిక్కడ దించి పంపించనా?"

ఈలమ్మ ఆలోచించింది. "నువ్వూ ఒకటి దించి ఉంచు. కానీ నా ఫోన్లో నేనే దించుకోవాలి. ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎలా వచ్చిందని రేపు అడుగుతారు. మా ఆడపడుచు పంపిందంటే, ఇంటి మనిషే అతికించి పంపిందంటారు. ఎలాగో చెప్పు, చేస్తాను."

ఫోను స్పీకరులో పెట్టుకుని మొదలుపెట్టింది. భర్త వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"వీడియో పక్కన బాణం గుర్తు నొక్కు. కాపీ లింక్ అని వస్తుంది, అది నొక్కు. ఇప్పుడు యాప్ మూసేసి, బ్రౌజరు తెరువు. నేను చెప్పే సైటు పేరు కొట్టు. పొడుగు డబ్బా ఒకటి కనిపిస్తుంది. అందులో వేలు గట్టిగా నొక్కి పట్టు. పేస్ట్ అంటుంది."

"వచ్చింది. పేద్ద పచ్చ బొత్తాం ఉంది, డౌన్‌లోడ్ అని."

"ఆగు, అది నొక్క..."

నొక్కేసింది. తెర ఎర్రబడింది. మీ ఫోన్లో పదమూడు వైరస్‌లు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయండి అంటూ ఫోను కూతలు పెట్టింది. ఈలమ్మ ఫోనుని మంచం మీదకి విసిరేసింది.

"వదినా, ఏమీ కాలేదు. భయపెట్టడమే వాళ్ళ వ్యాపారం. ఏదైనా ఇన్‌స్టాల్ చేయమంటే చేయకు, అనుమతించు అంటే వద్దను. వెనక్కి రా. పెద్ద బొత్తాలన్నీ దొంగవి. డబ్బా పక్కనే చిన్నది ఉంటుంది, అదీ అసలుది."

చిన్నది నొక్కింది. గుండ్రంగా తిరిగి తిరిగి, వీడియో బొమ్మ, దాని కింద రెండు మూడు వరసలు వచ్చాయి. మొదటి వరస నొక్కితే దిగింది. తెరిచి చూస్తే బొమ్మ ఉంది, మాట లేదు. నోరు కదులుతోంది, ముసలాయన పడుతున్నాడు, అంతా మూగగా.

"శబ్దం లేకపోయినా పరవాలేదేమో," అన్నాడు భర్త మెల్లగా. "నువ్వు అరిచింది వినపడదు కదా."

ఈలమ్మ తల తిప్పి ఆయన వంక చూసింది. "అరిచాను. అరిచింది కూడా ఉండాలి. ఇందులోంచి నేను కూడా ఓ ముక్క కత్తిరిస్తే, వాళ్ళకీ నాకూ తేడా ఏముంది?"



రెండో వరస నొక్కింది. సగం దిగి ఆగిపోయింది. ఫోన్లో చోటు లేదట. అప్పటికి ఒంటిగంటన్నర. ఆడపడుచు గ్యాలరీ తెరిచి పెద్దవన్నీ చెరిపేయమంది. తెరిచింది. గుడ్ మార్నింగ్ పువ్వులు, డిపో యూనియను మీటింగులు. వాటి మధ్య, తనే. ప్రతి గ్రూపులోంచీ దానంతటదే దిగిపోయిన పదకొండు సెకన్ల ముక్క. ఒకదానికి ఎర్ర గుండ్రం చుట్టారు. ఒకదానికి నవ్వుల శబ్దం కలిపారు. ఒకదాన్ని మూడు నాలుగు సార్లు తిప్పి తిప్పి చూపించి, సినిమాలా సాగదీశారు. బంధువుల గ్రూపులోంచి వచ్చినవే నాలుగు. అడక్కుండా వచ్చి చోటంతా ఆక్రమించినవి ఇవా అనుకుంది. ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టింది, మొత్తం ముప్ఫై ఒకటి. అన్నీ ఒక్కసారే చెరిపేసింది. ఎక్కడో ఇంకా లక్షల్లో తిరుగుతున్నాయని తెలుసు. అయినా కాస్త ఊపిరాడింది.

మళ్ళీ నొక్కింది. తొంభై శాతం. తొంభై ఎనిమిది. దిగింది. డౌన్‌లోడ్స్‌లోకి వెళ్ళి తెరిచింది. పొడుగ్గా అంకెలే పేరుగా ఉన్న ఫైలు. నది, కిటికీ ఊచలు, మెట్టు, గొడుగు, దూసుకొస్తున్న బండి, తన చెయ్యి, తన అరుపు, చెప్పులు. నెట్టు ఆపేసి కూడా ఓసారి నడిపించి చూసింది. నడిచింది. రెండు దాటి అయిదు నిమిషాలకి ఆ పేజీ తెరిస్తే, వీడియో అందుబాటులో లేదు అని వచ్చింది.

అంతా చూశాక భర్త అన్నాడు, "నాకు ముందే తెలుసు, నువ్వు అలాంటిదానివి కాదని."

"తెలిస్తే అడిగేవారు కాదు," అంది ఆమె. గొంతు పెంచకుండానే అంది. ఆయన షెడ్డుకి వెళ్ళిపోయాడు, ఆదివారమైనా సరే.

సోమవారం విచారణాధికారి కళ్ళజోడు సర్దుకుని ఆ వీడియో మూడుసార్లు చూశాడు. ఎక్కడిది, ఎలా వచ్చిందని అడిగాడు. లింకు కాపీ చేసిన దగ్గర్నుంచి చెప్పింది, పచ్చ బొత్తాం సంగతితో సహా. ఆయన పెదవి చివర కొంచెం నవ్వొచ్చి పోయింది. తీసిందెవరని అడిగాడు.

"ప్రయాణికురాలు సార్. పేరు చెప్పనని మాటిచ్చాను."

ఆయన ఫైలు కాపీ చేయించుకున్నాడు. వారం తరవాత కాయితం వచ్చింది. ప్రయాణికుడి ప్రాణం కాపాడినట్టు రుజువైనందున సస్పెన్షను రద్దు. అయితే వృద్ధుడితో పరుషంగా మాట్లాడినందుకు హెచ్చరిక. రెంటి కిందా సంతకం పెట్టమన్నారు. పెట్టింది. రూటు మాత్రం మార్చారు, జనం మరిచిపోయేదాకా అని.

జనం మరిచిపోలేదు. కొత్త రూటులో మూడో రోజే ఒకమ్మాయి ఆమెను చూసి పక్కామె చెవిలో ఏదో అంది. ఒక పెద్దాయన చిల్లర తీసుకుంటూ, "మమ్మల్ని తొయ్యకమ్మా" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వడానికి ప్రయత్నించింది. ఫోను తీసి వీడియో అతని ముఖం ముందు పెట్టాలనిపించింది. యూనియను వాళ్ళు కూడా అడిగారు, "మాకివ్వక్కా, రాష్ట్రమంతా తిప్పుతాం" అని. ఇవ్వలేదు. ఆ నర్సు ఇంట్లోవాళ్ళు భయపడుతున్నారని తెలిసీ ఎలా ఇస్తుంది? మూడోవాడి చేతికి వెళ్ళిన వీడియో ఎవరి మాట వింటుంది? ఆ సంగతి ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఒకరోజు భర్త షెడ్డు నుంచి వచ్చి చేతులు కడుక్కుంటూ, ఆమె వంక చూడకుండా అన్నాడు, "అందరికీ చెప్పాను."

"ఏమని?"

"బండి వచ్చిందని, నువ్వు లాగకపోతే ఆయన పోయేవాడని. మా షెడ్డులో వాళ్ళకి, పక్క లేత్ షాపు వాళ్ళకి, ఇనప కొట్టు ఆయనకి. వీడియో చూపించమన్నారు. చూపించడం కుదరదు, నేను కళ్ళారా చూశాను, నా మాట నమ్మండి అన్నాను."

"నమ్మారా?"

ఆయన తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "ఇద్దరు నమ్మారు. మిగతావాళ్ళు, పెళ్ళాం కదా, అంతేగా చెబుతావు అన్నారు. రేపు మళ్ళీ చెబుతాను."

ఈలమ్మ ఆయన కంచం పక్కన తన కంచం కూడా పెట్టుకుని కూర్చుంది. ఆ వీడియో వచ్చాక, ఇద్దరూ కలిసి తినడం అదే మొదటిసారి.