ఒక కుట్టు ఎక్కువ

ఆసుపత్రి కింది అంతస్తులో, బట్టలుతికే గది పక్కన, కుట్టుగది ఉంది. రెండు మిషన్లు, ఒక పొడుగాటి బల్ల, చిరిగిన దుప్పట్ల గుట్ట, వాటి మధ్య ఒక మనిషి. డాక్టర్లు మొదలు నేల తుడిచేవాళ్ల దాకా ఆమెను అందరూ కుట్టక్క అనే పిలుస్తారు. మనసు మంచిదే గానీ, కోపం వస్తే మాత్రం ఓ పట్టాన ఆరదు. తాళాలు ఎక్కడ పెట్టిందీ మర్చిపోతుందేమో గానీ, తనకు జరిగింది మర్చిపోయే రకం కాదు.

ఆమె మర్చిపోనిది ఇరవై రెండేళ్ల కిందటి ఒక మధ్యాహ్నం. ఇదే ఆసుపత్రి, పై అంతస్తు, తొలి కాన్పు. నొప్పులు సవ్యంగానే వస్తున్నాయి. "తల కనిపిస్తోంది" అని నర్సు అందో లేదో, కొత్తగా చేరిన డాక్టరు ఒక్క మాటైనా చెప్పకుండా కింద కత్తెర పెట్టి కోసేశాడు. మత్తు కూడా సరిగా ఎక్కలేదు. పదిహేనో ఏట నుంచి గుడ్డ కోస్తున్న మనిషికి ఆ చప్పుడు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కుట్లు వేశాక ఆయన గుమ్మం దగ్గర ఆమె భర్తతో, "ఒక కుట్టు ఎక్కువే వేశాన్లేవోయ్, బిగుతుగా ఉంటుంది, తర్వాత నాకు థాంక్స్ చెప్పుకుంటావు" అన్నాడు. ఆ మొగుడు మహానుభావుడు పళ్లికిలించాడు. ఆ ఒక్క నవ్వుకు రెండేళ్లు బయటి గదిలో చాప మీద పడుకున్నాడు.

కుట్లు చీము పట్టాయి. తొక్కుడు మిషను మీద బతికే మనిషి కూర్చోలేకపోతే ఎలా? నిలబడి చేత్తో గుండీలు కుట్టింది. కూర్చోక తప్పనప్పుడు ఒక పక్కకు ఒరిగి, పళ్ల బిగువున కూర్చుంది. మళ్లీ వెళ్లి చూపించుకుంటే ఆయన తలెత్తకుండానే, "మామూలే, సర్దుకుంటుంది" అన్నాడు. సర్దుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. తుమ్మాలంటే ఇప్పటికీ ఆమెకు భయమే.

కుట్టుగదిలో ఉద్యోగం ఉందనగానే ఎగిరి గంతేసి చేరింది. జీతం కోసమని అందరూ అనుకున్నారు. ఆయన తొడుక్కునే తెల్లకోటు తన చేతుల మీదుగా పోతుందన్నదే ఆమె సంబరం. ఆ కోటు మెడ దగ్గర గట్టి నైలాను దారం కొస ఒకటి ఎప్పుడూ మిగిలిపోయేది. ఆయన వార్డులో మెడ గోక్కుంటూ తిరిగిన రోజున కుట్టక్కకు అన్నం ఒక ముద్ద ఎక్కువ దిగేది.

ఇలాగే గడిచిపోయేదే. కానీ ఇప్పుడు కూతురికి నెలలు నిండాయి, కాన్పు ఇక్కడే. ఆయనేమో పెద్ద డాక్టరయ్యాడు.

"మొదటి కాన్పంటే చాలు, ఆయన కత్తెర అందుకుంటాడక్కా" అంది పెద్ద నర్సు. "ఇప్పుడు మిగతావాళ్లంతా అవసరమైతేనే కోస్తున్నారు. ఈయన వింటేగా!"

ఆ మాట విన్నప్పటి నుంచి కుట్టక్కకు ఒళ్లు మండిపోతూనే ఉంది. తన బిడ్డ మీద ఆ చెయ్యి పడకూడదు, అంతే.

ఆ వారమే కొత్త భవనం ప్రారంభం, స్టేజీ మీద పెద్ద డాక్టరుకు సన్మానం. సరిగ్గా గంట ముందు ఆయన ప్యాంటు హుక్కు ఊడింది. పరుగున కుట్టుగదికి వచ్చి, తెర వెనక దుప్పటి చుట్టుకుని, ప్యాంటు ఆమె చేతికిచ్చాడు.

"త్వరగా కానివ్వమ్మా."

ఆమె ప్యాంటును బల్ల మీద పరిచి, పెద్ద కత్తెర తీసి, వెనక వైపు మంచి గుడ్డ మీద ఏటవాలుగా జానెడు కోసేసింది.

"అయ్యయ్యో! ఏంటిది? హుక్కు కుట్టమంటే కోస్తావేంటి?"

"మొదటిసారి వచ్చిన ప్యాంటుకు నేనిలాగే కోస్తాను సార్. మామూలే."

"నన్నడగొద్దూ?"

"ఇరవై రెండేళ్లుగా నేనూ అదే అనుకుంటున్నాను సార్, నన్నడగొద్దూ అని. పై అంతస్తులో, మూడో బల్ల మీద నన్ను కోశారు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఎంత చూసినా గుర్తు రాలేదు. ఆమెకు కోత కంటే అదే ఎక్కువ మండింది.

"నీ ఉద్యోగం పీకించేస్తాను!"

"పీకించండి. ముందు ఆ దుప్పటితోనే స్టేజీ ఎక్కండి, చూస్తాం."

ఆయన గడియారం వంక చూసుకున్నాడు. ఆమె సొరుగులోంచి కూతురి ఫైలు తీసి ముందు పెట్టింది.

"రాయండి. ఈ అమ్మాయిని అడక్కుండా కొయ్యకూడదని."

"బిడ్డకు ప్రమాదమైతే?"

"అప్పుడు కొయ్యండి, ఎవరు కాదన్నారు? దానికి చెప్పి, మత్తిచ్చి కొయ్యండి."

ఆయన రాసి సంతకం పెట్టాడు. ఆమె కోత కుట్టింది, హుక్కు కుట్టింది. లోపలి వైపు, సరిగ్గా కూర్చునే చోట, నైలాను దారం నాలుగు పేటలు వేసి శెనగగింజంత ముడి పెట్టింది.

"ఒక కుట్టు ఎక్కువే వేశాను సార్" అంది ప్యాంటు అందిస్తూ.

సన్మానం సాగినంతసేపూ పెద్ద డాక్టరు నిలబడే ఉన్నాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు, ఎంత వినయమో అని జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది కుట్టక్కే.

పది రోజులకు కూతురు ఆడపిల్లను కన్నది. కోత లేదు. చిన్న చీలిక, రెండు కుట్లు, అవీ అడిగి వేసినవే. మర్నాడు కుట్టక్క వార్డుకు వెళ్లేసరికి, కూతురు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. కుట్టక్క అలా చూస్తూ నిలబడిపోయింది. కళ్లు తుడుచుకుంది.

అప్పుడు పక్క మంచం మీది పిల్ల కనిపించింది. ఇరవై ఏళ్లుంటాయేమో, మొదటి కాన్పే. ఒక పక్కకు ఒరిగి, మంచం కమ్మీ పట్టుకుని, పళ్ల బిగువున కూర్చుంది.

"నిన్నడిగారా తల్లీ?" అంది కుట్టక్క.

ఆ పిల్ల అడ్డంగా తలూపింది. "మామూలేనంట అత్తా. సర్దుకుంటుందంట."

కుట్టక్క కిందికి దిగింది. ఉతికి ఇస్త్రీ చేసిన పెద్ద డాక్టరు తెల్లకోట్లు ఆరూ కొక్కేలకు వేలాడుతున్నాయి. ఆమె తలుపు గడియ పెట్టి, పెద్ద కత్తెర తీసుకుంది.