నన్ను నేను వెతుక్కోవడానికి కొండెక్కిన కథ

మొన్న ఇక్కడ కెనడాలో, మా ఒషావా ఊళ్ళో కూరగాయలకని వెళితే, మామూలు బంగాళాదుంపల పక్కన వేలెడంత ఊదారంగు దుంపలు కనిపించాయి. చూడగానే నా అరికాళ్ళు జివ్వుమన్నాయి. దుంపల్ని చూస్తే కాళ్ళకేమవుతుందంటారా? దానికి మా వదిన సంగతి చెప్పాలి.

వదినంటే మా ఆయనకు అక్క. వాంకూవర్‌లో ఒంటరిగా ఉంటుంది, పెద్ద ఉద్యోగం. మన పిల్లలు ఇక్కడి కాలేజీలకు విమానాల నిండా దిగుతున్న రోజులవి. మా బేస్‌మెంట్‌లో నలుగురమ్మాయిలు అద్దెకుండేవారు. వాళ్ళ స్నేహితురాళ్ళు రూమ్ దొరికేదాకా మా సోఫా మీద ఉండేవారు. షిఫ్ట్ నుంచి ఏ వేళకొచ్చినా "ఆంటీ, పప్పుందా?" అంటూ మెట్ల మీంచి ఓ తల పైకొచ్చేది. ఉండేది మరి, నేను ఉంచేదాన్ని. సెలవులకొచ్చిన వదిన, నేను పొయ్యి దగ్గరే నిలబడి తినడం చూసి, "అసలు నువ్వెవరో నీకు తెలుసా?" అని అడిగింది. ఉప్మా మాడుతోంది వదినా, అన్నాను. ఆ జవాబుకే ఆవిడ పెరూకి టికెట్లు బుక్ చేసేసింది.

"టూర్ కాదమ్మాయ్, స్లో ట్రావెల్. కొండల్లో కెచువా తెగ వాళ్ళింట్లో ఉంటాం. నిన్ను నువ్వు తెలుసుకుంటావు."

స్లో అన్నమాట నిజమే. ఆ ఎత్తులో గాలి అందక రెండడుగులకోసారి ఆగేవాళ్ళం. బరువులు మోసే పొడుగు మెడల లామాలు మమ్మల్ని దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి మరీ చూసేవి. మేం దిగిన ఇంట్లో ఒక పెద్దావిడ, కాస్త ఇంగ్లీషు వచ్చిన కూతురు ఉండేవారు. అక్కడ జూన్ అంటే చలికాలం. ఇలాంటి చిన్న దుంపల్నే రాత్రి మంచులో ఆరుబయట పరిచి, పొద్దున్నే ఉత్త కాళ్ళతో తొక్కి నీరంతా పిండేస్తారు. తర్వాత ఎండబెడితే ఏళ్ళ తరబడి నిలవుంటాయి. వదిన కళ్ళు మూసుకుని భక్తిగా తొక్కింది.

"ఏమైనా తెలుస్తోందా నీకు?"

"కాళ్ళు తెలియడం లేదు వదినా."

నాకు ఊరికే కూర్చోవడం చేతకాక వంటింట్లో దూరి గరిటె అందుకున్నాను. పెద్దావిడ లాక్కుంది. మళ్ళీ అందుకున్నాను, మళ్ళీ లాక్కుంది. "గెస్ట్ వంట చేస్తే మా అమ్మకు కోపం" అని కూతురు నవ్వుతూ నన్ను బయటికి పంపించింది. మర్నాడు తల బద్దలయ్యే నొప్పితో మంచమెక్కాను. పెద్దావిడ సూప్ గిన్నె పట్టుకొచ్చి పక్కన కూర్చుని "మిఖుయ్" అంది. తిను అని. మీరంతా తిన్నారా అని సైగ చేస్తూ లేవబోయాను. ఆవిడ నా భుజం నొక్కి, చెంచా నా నోట్లో పెట్టింది. నాకెందుకో ఏడుపొచ్చేసింది. ఎవరైనా నాకిలా తినిపించి ఎన్నాళ్ళయిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పక్క మంచం మీద వదిన సంబరంగా లేచి కూర్చుంది. "ఏడువు, ఏడువు! ఏం తెలిసింది?"

"నాకూ ఆకలేస్తుందని తెలిసింది."

వదిన నా గిన్నెలోకి తొంగి చూసింది. "నేను లాప్‌టాప్ ముందే తినేస్తానే. ఏం తిన్నానో కూడా చూసుకోను" అంది మెల్లగా. తెలుగు ఏమర్థమైందో ఏమో, పెద్దావిడ లేచి వెళ్ళి వదినకూ ఓ గిన్నె తెచ్చింది. జబ్బేమీ లేకపోయినా వదిన కూడా తినిపించుకుంది.

తిరిగొచ్చాక, ఆదివారం వంట మీదేనని బేస్‌మెంట్ పిల్లలకు చెప్పేశాను. మొదటి ఆదివారం పప్పులో చింతపండెంతన్న దాని మీద వరంగల్‌కూ కర్నూలుకూ యుద్ధం జరిగింది. నేను లేవబోయినప్పుడల్లా "ఆంటీ, మీరు కూర్చోండి!" అని అందరూ ఒక్కటయ్యేవారు. అన్నం ముద్దయింది, కూర మాడింది. రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

ఆ పిల్లలిప్పుడు తలో ఊళ్ళో ఉన్నారు, బేస్‌మెంట్ ఖాళీ. నిలబడి తిన్న ఏళ్ళన్నీ ఎటు పోయాయో చెప్పలేను గానీ, కూర్చుని తిన్న ఆ కొన్ని పూటల్ని మాత్రం కాలం ఇంకా నా ముందు నుంచి ఎత్తలేదు.