పేజీల్లేని పుస్తకం

మా బావని పట్టపగలు, పన్నెండున్నరకి, బస్టాపు పక్కన నలభైమంది కలిసి కొట్టారు. అప్పుడాయన చేస్తున్న పని పుస్తకం చదువుకోవడం.

బావ కుట్టుమిషన్ల మెకానిక్. ఆయనకంటూ షాపు లేదు. భుజాన రెక్సిన్ సంచీ, అందులో స్క్రూడ్రైవర్లు, చిన్న సుత్తి, షటిళ్ళు, బాబిన్లు, సూదుల పొట్లాలు, మిషను నూనె సీసా. ఎక్కడి టైలరు ఫోను చేస్తే అక్కడికి బస్సెక్కేవాడు. నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. మిషనుకి చెవి ఆనించి చక్రం రెండుసార్లు తిప్పితే చాలు, జబ్బేంటో చెప్పేసేవాడు. మనిషి వెన్నపూస. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే తనే సారీ చెప్పే రకం. "ఈయనకి కోపం రావాలంటే వారం ముందు అర్జీ పెట్టుకోవాలి" అని మా అక్క నవ్వేది.

ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి డిటెక్టివ్ నవలలు. సంచీలో ఎప్పుడూ రెండు ఉండేవి. నూనె మరకలు పడి, అట్టలూడి, ఒక్కోసారి హంతకుడెవరో చెప్పే చివరి పేజీయే ఉండేది కాదు. ఒక స్కూలు హెడ్మిస్ట్రెస్ ఇంట్లో మిషను బాగుచేసినప్పుడు ఆవిడ ఆ పుస్తకాల అవస్థ చూసి, తను వాడడం మానేసిన ఈ-రీడర్ ఒకటి ఇచ్చేసింది. చిన్న పలకంత ఉంటుంది. రంగుల్లేవు, బొమ్మల్లేవు, ఉత్త అక్షరాలే.

మొదట అవీ లేవు. మన భాష పుస్తకం ఎక్కిస్తే అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి. నాకు ఇంటర్నెట్ సెంటరుంది. రెండు రోజులు దాంతో కుస్తీ పట్టి అక్షరాలు రప్పించాను. ఆ రోజు బావ మొహం చూడాలి! ఊళ్ళు తిరిగే మనిషికి అంతకంటే ఏం కావాలి? ఆయన దిగే లాడ్జీల్లో ప్లగ్గు ఒక్కటే ఉంటుంది, అదీ పనిచేయదు. కరెంటు పోతే ఫోను సాయంత్రానికే చచ్చిపోయేది. ఈ-రీడర్ మాత్రం ఒక్కసారి ఛార్జి పెడితే మూడు వారాలు నడిచేది. ఎర్రటెండలో కూడా అక్షరం స్పష్టంగా కనిపించేది. దుమ్ము పడకుండా బట్టలషాపు కవర్లో చుట్టి, కవరు మీంచే పేజీలు తిప్పేవాడు. నెలకోసారి నా దగ్గరికొచ్చి, "బావమరిదీ, సరుకయిపోయింది, నింపు" అనేవాడు. నేను నింపేవాణ్ణి. ఆ నెల నింపిన నాలుగు నవలల్లో ఒకటి చిన్నపిల్ల అపహరణ కథ. అట్ట బాగుందని నేనే ఏరి పెట్టాను.

అదే నెలలో ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. సంచీలు వేసుకుని కొత్తవాళ్ళు ఊళ్ళమీద పడుతున్నారనీ, పిల్లలకి మత్తుమందు చూపించి ఎత్తుకుపోతున్నారనీ. ఎక్కడిదో, ఎప్పటిదో ఎవరికీ తెలీదు. నాకూ వచ్చింది. నేనూ ఇద్దరికి పంపాను. ఈ మాట బావతో ఇంతవరకూ చెప్పలేదు.

ఆ రోజు ఆయన వెళ్ళింది నాలుగు గంటల దూరంలో ఉన్న ఊరు. అంతకుముందెప్పుడూ వెళ్ళలేదు. బస్టాపు ఎదురుగా టైలరమ్మ షాపు. యాభై దాటిన మనిషి, ఒంటరిగా బతుకుతోంది. మిషను దారం తెంపేస్తోందని ఫోను చేసింది. బావ గంటలో బాగుచేశాడు. తిరుగు బస్సు ఒంటిగంటకి. షాపులో ఉక్కగా ఉందని బయటికొచ్చి, నాలుగడుగుల అవతల మూసున్న కొట్టు అరుగు మీద కూర్చుని ఈ-రీడర్ తీశాడు.

ఆరేడేళ్ళ పాప ఒకతె వచ్చి పక్కన నిలబడింది.

"అదేంటి?"

"పుస్తకం, తల్లీ."

"అబద్ధం. పేజీల్లేవుగా!"

"ఉన్నాయి. ఇక్కడ నొక్కు, తిరుగుద్ది."

పాప నొక్కింది. పేజీ మారింది. అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తే కిలకిలా నవ్వింది. బావ సంచీలోంచి ఖాళీ దారం రీలు తీసి ఇచ్చాడు, ఆడుకోమని.

ఎదురుగా సోడాషాపతను ఇదంతా చూస్తూనే ఉన్నాడు. దిగి వచ్చాడు.

"ఎవర్నువ్వు? ఎక్కణ్ణించి?"

బావ చెప్పాడు. టైలరమ్మ షాపు చూపించాడు కూడా. అతను అటు తిరగనేలేదు.

"పిల్లకి ఏమిచ్చావు? ఫోన్లో ఏం చూపిస్తున్నావు?"

"ఫోను కాదండీ. పుస్తకం."

"నా చెవిలో పువ్వులు పెడుతున్నావా? గ్యాలరీ తెరువు."

"దీంట్లో గ్యాలరీ ఉండదండీ."

ఆ మాటతో అతని అనుమానం గట్టిపడిపోయింది. గట్టిగా కేకేశాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు వచ్చారు, ఆటోల వాళ్ళు వచ్చారు. వాళ్ళని చూసి పాప ఏడుపందుకుంది. "చూడండి, పిల్ల ఎలా హడలిపోయిందో!" అన్నారెవరో. సంచీ లాక్కుని రోడ్డుమీద బోర్లించారు. సూదులు బయటపడ్డాయి. నూనె సీసా బయటపడింది. ఒకడు మూత తీసి వాసన చూసి మొహం తిప్పుకుని, "మత్తుమందే!" అన్నాడు.

"మిషను నూనె బాబూ! పుస్తకమని చెప్తున్నాగా, కావాలంటే చదివి వినిపిస్తా" అన్నాడు బావ.

"చదువు!"

బావ చదవడం మొదలుపెట్టాడు. వానలో ఇన్స్పెక్టరు జీపు దిగడం, గేటు తీయడం. నాలుగు లైన్లు బాగానే సాగింది. ఐదో లైను మీదకి చూపు వెళ్ళగానే ఆగిపోయాడు.

"ఆపావేంరా?"

"తర్వాత... అదంతా కథండీ."

కళ్ళజోడు కుర్రాడొకడు ముందుకొచ్చి లాక్కున్నాడు. కాలేజీలో చదువుతున్నాడట. పైకి చదివాడు: "పాపకి రుమాలు వాసన చూపించి వ్యాను వెనక పడుకోబెట్టాడు. ఊరు దాటేదాకా లేవకూడదు."

"ఎలా చెయ్యాలో రాసుకుని మరీ వచ్చాడురా వీడు!" అంటూ సోడాషాపతను చెంప మీద కొట్టాడు.

ఆ తర్వాతది బావ నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మొదటి దెబ్బకి చెవిలో గుయ్యిమంది. రెండోది వీపు మీద. అరుగు మీంచి పడ్డాడు. లేవబోతే మోకాలి మీద తన్నారు. సంచీలోంచి పడ్డ సుత్తి తీసుకుని ఒకడు కుడిచెయ్యి రోడ్డుకి అదిమిపెట్టి వేళ్ళ మీద కొట్టాడు. రెండు వేళ్ళు పటపటా విరగడం ఆయనకి వినిపించింది. ఎవరో జుట్టు పట్టి తల పైకెత్తారు. ఆ కళ్ళజోడు కుర్రాడే, చేతిలో ఉన్న ఈ-రీడర్ మూలతో మొహం మీద పొడిచాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి ఎడమకన్ను పోయింది. బూతులు తిట్టేవాడు తిడుతున్నాడు, వీడియో తీసేవాడు తీస్తున్నాడు. "నేను అరవలేదురా. అరిస్తే ఇంకా కొడతారేమోనని. నోట్లో నెత్తురు మింగుతూ పడున్నాను" అన్నాడు బావ.

టైలరమ్మ షాపు వెనక బట్టలు ఆరేస్తోందట. గోల విని ముందుకొచ్చి, రోడ్డుమీద చెల్లాచెదురైన బాబిన్లు చూసింది. ఆ రోజు కరెంటు లేదు. బల్లమీద బొగ్గుల ఇస్త్రీపెట్టె కణకణలాడుతోంది. అది పట్టుకుని గుంపులోకి దూరింది. అడ్డొచ్చిన మొదటివాడి మోచేతికి అంటించింది. వాడు కెవ్వుమన్నాడు. పెట్టె మూత తీసి నిప్పులు వాళ్ళ కాళ్ళ మీద కుమ్మరించింది.

"నా మిషను బాగుచేసిన మనిషిరా! నేను పిలిపించానురా, దరిద్రుల్లారా! మీకు పురుగులు పట్టా!"

నిప్పులకి జనం వెనక్కి జరిగారు. ఆ సందులో బావ చొక్కా కాలరు పట్టుకుని షాపులోకి ఈడ్చి, షట్టరు కిందికి లాగింది. బయటినుంచి రాళ్ళు పడ్డాయి. షట్టరు లోపలికి సొట్టలు పోయింది. కిందనుంచి కర్ర దూర్చి పైకెత్తబోతే ఆ చేతుల మీద బట్టలు కత్తిరించే కత్తెరతో పొడిచింది. పోలీసులు వచ్చేసరికి నలభై నిమిషాలైంది. అప్పటిదాకా ఆవిడ అలా షట్టరు దగ్గర మోకాళ్ళ మీదే ఉంది, చేతిలో కత్తెరతో.

ఆస్పత్రిలో తొమ్మిదో రోజు బావ నన్ను దగ్గరికి పిలిచాడు. తలంతా కట్లు. ఏదో అప్పగింతలు చెప్తాడనుకుని గుండె చిక్కబట్టుకుని వంగాను.

"ఆ పాపని ఎత్తుకెళ్ళింది ఎవర్రా?"

"ఏ పాపని?"

"నవల్లో."

నా ఫోన్లో తీసి మిగతా కథ చదివి వినిపించాను. వాళ్ళ ఇంటి డ్రైవరే అని తేలింది. "నేను తోటమాలి అనుకున్నా" అన్నాడు. మా అక్క చేతిలో ఉన్న గ్లాసు విసిరికొట్టింది. "ఇంకా ఆ పుస్తకాలేనా? ఇంకా బుద్ధి రాలేదా నీకు? నీకూ రాలేదా?" అని మా ఇద్దర్నీ కడిగేసింది. తర్వాత నేల మీద కూర్చుని, ఆస్పత్రిలో చేరాక మొదటిసారి భోరుమని ఏడ్చింది.

పోలీసులు ఏడుగురి మీద కేసు పెట్టారు. ఏడుగురూ ఒకటే పాట, మేము ఆపడానికి వెళ్ళామని. ఆ ఊళ్ళో సాక్షి టైలరమ్మ ఒక్కతే. ఆవిడ షాపుకి బట్టలివ్వడం మానేశారు. షట్టరు మీద పేడ కొట్టారు. అయినా ప్రతి వాయిదాకీ బస్సెక్కి వచ్చేది.

మూడో వాయిదా రోజు, కోర్టు వరండాలో సోడాషాపతను చేతులు జోడించుకుని మా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, పొరపాటైపోయింది. పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి. కేసు వెనక్కి తీసుకో."

బావ నెమ్మదిగా అడిగాడు. "పొరపాటని ఎప్పుడు తెలిసింది నీకు?"

"పోలీసులు చెప్పాకన్నా."

"పుస్తకమని నేను చెప్పాగా?"

"ఆ గోలలో వినపడలేదన్నా."

"గోల మొదలవకముందే చెప్పాను. నువ్వూ నేనూ ఆ పాపా, ముగ్గురమే ఉన్నప్పుడు."

అతను తల వంచుకుని, "అదేం పుస్తకమన్నా మరి? ఎవరికైనా అనుమానం రాదా?" అన్నాడు.

బావ చేతిలో స్టీలు నీళ్ళ సీసా ఉంది. నిండా ఉంది. ఎడమచేత్తో ఎత్తి మొహం మీద కొట్టాడు. ముక్కెముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అతను పడ్డాడు. బావ మీదెక్కి కూర్చుని ఇంకా కొట్టాడు. పళ్ళు ఊడి వరండా మీద పడ్డాయి. నేను నడుం పట్టుకు లాగుతున్నాను, రావట్లేదు. వెన్నపూస అనుకున్న మనిషిలో అంత బలం ఎక్కడుందో! ఉన్న ఒక్క కన్నూ ఎర్రగా అయిపోయింది. నోటివెంట మాట లేదు, తిట్టు లేదు. కానిస్టేబుళ్ళు ముగ్గురు వచ్చి విడదీస్తేగానీ ఆగలేదు.

బావ మీదా కేసు నమోదైంది. రెండువైపుల లాయర్లూ ఆ రోజే రాజీ మాట ఎత్తారు. మీరు కొట్టారు, వాళ్ళూ కొట్టారు, రెండు కేసులూ కొట్టేయించుకుని హాయిగా ఇంటికెళ్ళండి అని. అక్క కూడా ఒప్పుకోమంది. బావ ససేమిరా అన్నాడు.

జడ్జి ముందు నిలబడి ఆయన చెప్పింది ఇంతే. "నేను కొట్టింది నిజం. చంపేద్దామనే కొట్టాను. నాకు శిక్ష వేయండి. వాళ్ళు నన్ను కొట్టింది నిజం. వాళ్ళకీ వేయండి. ఒకదానికొకటి చెల్లని చెప్పి రెండూ మాఫీ చేయొద్దు."

ఆయనకి రెండు నెలలు పడింది, లోపలికెళ్ళాడు. ఆ ఏడుగురిలో నలుగురికి మూడేళ్ళు పడింది. అందులో కళ్ళజోడు కుర్రాడూ, సోడాషాపతనూ ఉన్నారు. అప్పీలు వేసుకుని బెయిలు మీద బయటే తిరుగుతున్నారు. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న ఆ వీడియో చేసినవాళ్ళు మాత్రం ఎవరికీ దొరకలేదు.

బావ ఇప్పుడు ఊళ్ళు తిరగడు. నా సెంటరులో సగం ఆయనకిచ్చాను. మిషన్లే ఆయన దగ్గరికొస్తాయి. విరిగిన రెండు వేళ్ళూ ఇక వంగవు, ఎనిమిది వేళ్ళతో పని కొంచెం ఆలస్యం, అంతే. పాత ఈ-రీడర్ సాక్ష్యంగా పోలీసుల దగ్గరే చీటీ కట్టి ఉంది. ఇంకోటి కొనిచ్చాను. ఒంటికన్నుకి అనువుగా పేజీకి పది లైన్లే పట్టేట్టు అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతాడు.

అయితే జైలునుంచి వచ్చిన మనిషి వెళ్ళిన మనిషి కాదు. కోపం ముక్కు మీదే ఉంటోంది. మొన్న ఒక కస్టమరు వెనకనుంచి వచ్చి భుజం తట్టాడు, పాపం పలకరిద్దామని. బావ గిర్రున తిరిగి గొంతు పట్టుకున్నాడు. నేను విడిపించేసరికి వాడి మెడ మీద వేళ్ళ అచ్చులు పడ్డాయి. వాడు వెళ్ళిపోయాక బావ స్టూలు మీద కూర్చుండిపోయాడు. చేతులు అరగంట దాకా వణుకుతూనే ఉన్నాయి.

అన్నం కారియరు తెచ్చిన మా అక్క గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. లోపలికొచ్చి, ఆయన ఎదురుగా, ఆయనకి కనిపించేలా కూర్చుంది. "చెయ్యి వేస్తున్నాను" అని ముందు చెప్పి, అప్పుడు ఆ చేతుల మీద చెయ్యి వేసింది.