శివనాథ్ గుల్లలు, పెద్దమ్మ వేసిన ఉప్పు

జ్వరం తగ్గినా మా పెద్దనాన్న నోటికి ఏదీ హితవు కాలేదు. భిలాయి స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి పళ్ళెం చూసి మొహం తిప్పుకుంటుంటే పెద్దమ్మకు బెంగ పట్టుకుంది. చివరికి ఒకరోజు గుల్లల కూరైతే రెండు ముద్దలు తింటానన్నాడు. ఇద్దరిదీ సముద్రం ఒడ్డున భీమిలి వైపు. భిలాయిలో సముద్రం ఎక్కడిది? దుర్గ్ దగ్గర శివనాథ్ నదిలో నీళ్ళు తగ్గితే ఒకరకం గుల్లలు దొరుకుతాయని నేనే నోరు జారాను. అంతే, పెద్దమ్మ బకెట్టు తీసింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఏడింటికి క్యాంప్ 2లో షేర్ ఆటో ఎక్కి, తలకు ముప్పై రూపాయలిచ్చి దుర్గ్‌లో దిగాం. అక్కడి నుంచి నది ఒడ్డుకు వేరే ఆటో మాట్లాడుకున్నాం. స్నానానికా అని డ్రైవరు హిందీలో అడిగితే, "నై భయ్యా, గుల్లల్ కే లియే" అంది పెద్దమ్మ ధీమాగా. అతనికి ఏమర్థమైందో గానీ, మా పని అయ్యేదాకా ఒడ్డునే ఆగాడు. ఆ మంచితనానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మోకాలి లోతు నీళ్ళలో అరికాళ్ళతో తడుముతూ వెతకాలి. గుల్లలు సగం ఇసుకలో కూరుకుని, అంచు మాత్రం పైకి పెట్టుకుని ఉంటాయి. చచ్చిపోయినదొకటి విప్పి పెద్దమ్మకు చూపించాను. రెండు చిప్పల మధ్య నాలుకలాంటి కాలు, దానికి అటూ ఇటూ జల్లెడలాంటి మొప్పలు. నీళ్ళు ఒక సందులోంచి లోపలికొచ్చి మరో సందులోంచి బయటికి పోతాయి. నాచూ బురదా మొప్పలకు చిక్కుకుంటాయి. సముద్రపు ఆల్చిప్పదీ ఇదే పని. కాకపోతే ఎదిగాక దానికి కాలుండదు, చిన్నప్పుడే ఏ రాయికో అంటుకుని అక్కడే ఉండిపోతుంది. "నానూ అంతేలే, ఈ భిలాయికి అంటుకుపోనాను" అని నవ్వింది పెద్దమ్మ.

ఇంటికొచ్చాక నేను చేతులు కడుక్కునేలోపు ఆవిడ గుల్లలున్న బకెట్టులో గుప్పెడు కల్లుప్పు వేసేసింది. ఇసుక కక్కడానికి భీమిలిలో గుల్లల్ని ఉప్పునీళ్ళలోనే వేస్తారు. ఇవేమో మంచినీటి ప్రాణులు. అన్నీ బిగుసుకుపోయాయి. కంగారుగా ఆ నీళ్ళు పారబోసి, క్యానులో తెచ్చిన బురద బురదగా ఉన్న నది నీళ్ళు పోశాం. పెద్దనాన్న మంచం దిగి, బకెట్టు పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి ఒకటి సన్నగా తెరుచుకుంది, తర్వాత మిగతావి. దీపాలు పెట్టే వేళకు నీళ్ళు తేటపడి బకెట్టు అడుగు కనిపించింది.

"ఆ మురికంతా ఏటైపోనాదే?" అని అడిగాడు నన్ను. పనికొచ్చేది తిని, మిగిలింది జిగురులో చుట్టి అడుక్కి వదిలేస్తాయని, నీళ్ళలో విషాలుంటే మాత్రం కొంత వాటి ఒంట్లోనే ఉండిపోతుందని చెప్పాను. కత్తిపీట ముందు కూర్చున్న పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది.

"డ్యూటీలో ఉన్నోళ్ళని కూరొండుకుంటామేటి? రేపు దింపీసి రండి" అన్నాడు పెద్దనాన్న. ఆ వెంటనే ఎండు నెత్తళ్ళ పులుసు పెట్టమన్నాడు. రెండు ముద్దలు కాదు, పళ్ళెం ఖాళీ చేశాడు. పెద్దమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు, నాకూ ఆగలేదు.

శివనాథ్ నీళ్ళు వాడుకునే మనమంతా ఆ గుల్లలకు రుణపడి ఉన్నాం, మా ఇల్లు ఇంకాస్త ఎక్కువ. మీరూ చూడ్డానికి వెళితే చలికాలం చివర్లో, నీళ్ళు తగ్గాక వెళ్ళండి. బకెట్టులో వేసి చూడాలనుకుంటే నది నీళ్ళే పోయండి, ఉప్పు మాత్రం వద్దు. మర్నాడు చివరి గుల్లను మళ్ళీ నది ఇసుకలో గుచ్చుతూ పెద్దమ్మ దానితో మెల్లగా అంది: "ఉప్పేసినందుకు ఏటీ అనుకోకమ్మా."