మా మిద్దె మీది మానురాయి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఆలూరు దగ్గర మా పల్లెలో ఎవరికైనా గాలి సోకిందంటే, నేను పోయి నాడి చూసి, అది ఉత్త జ్వరమని చెప్పి తిట్లు తిన్నవాణ్ణి. అందుకే ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. తెల్లదొరలు ఇంకా దేశంలో ఉన్న రోజులవి. నేను మద్రాసులో ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి.

మా మిద్దె మీద ఒక రాతిగుండు ఉండేది. ఎప్పుడో వాగులో దొరికిన మొద్దు. చూస్తే బెరడు, వలయాలు అన్నీ మానువే, ముట్టుకుంటే రాయి. వానలకు ముందు మిద్దె మీద చవుడు మన్ను పరిచి, తడిపి, ఆ గుండు దొర్లిస్తే కప్పు గట్టిపడి కారదు. ఆ పని మా అమ్మది. వాన వచ్చే ముందురోజు గుండు తడికట్టె వాసన వేస్తుందని ఆమె నమ్మకం. మా నాయన నవ్వేవాడు.

ఆ ఏడు సెలవులకు వచ్చి, మాను రాయిగా ఎలా మారుతుందో చూద్దామని గుండు అంచున ఒక పెచ్చు కొట్టుకున్నాను. అప్పటికే ఒక ఏడు వానల్లేవు. మృగశిర కూడా ఎండితే ఎద్దుల్ని సంతలో అమ్మేసి, బళ్ళారికి కూలికి పోదామని నాయన తేల్చేశాడు. ఆ జతను దూడలప్పటి నుంచీ సాకింది అమ్మే. ఆమె ఏడవలేదు. మిద్దె మీదికి చవుడు మోయడం మొదలుపెట్టింది.

"వాన లేని ఏడు చవుడు యాలనే?" అన్నాడు నాయన.

"అది మాను. వాన సంగతి మానుకు తెలుస్తాది, నీకేం తెలుసు?" అంది అమ్మ.

సెలవులు కాగానే పెచ్చు పట్టుకుని మద్రాసు చేరాను. అక్కడ మా పని ఇది. రాతిపొడిని రెండు రాగి కడ్డీల మధ్య విద్యుత్ మంటలో మండించి, ఆ వెలుగును పట్టకం గుండా పంపి ఫోటో ప్లేటు మీద పట్టడం. ఒక్కో మూలకానికీ తనవే అయిన గీతలుంటాయి. మొదట కంటితో చూసినప్పుడల్లా సోడియం పసుపు గీతే మెరిసిపోయేది. బాగా తల పట్టుకున్నాక తెలిసింది, అది పెచ్చుకు అంటుకున్న మా మిద్దె చవుడులోని ఉప్పు! శుభ్రంగా కడిగాక సిలికాన్, కొంచెం ఇనుము కనబడ్డాయి. బొగ్గు జాడే లేదు. కట్టె అంతా పోయి రాయే మిగిలిందని తేల్చుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం మంట వేయగానే గది నిండా వాసన. వానకు తడిసిన కట్టె వాసన. నా భ్రమ అనుకుందామంటే, పక్కగదిలోంచి అటెండరు వచ్చి "ఏం తడిసింది సార్?" అని వెతికాడు. బయట మాడ్చే ఎండ. ప్లేటు కడిగి చూస్తే బొగ్గు గీతలు, పచ్చికట్టెను కాల్చినట్టే. ప్రొఫెసరుగారు "ఎక్కడిదో పుల్ల పడి ఉంటుంది, మళ్ళీ చెయ్యి" అన్నారు. మళ్ళీ చేశాను. గీతలు లేవు, వాసనా లేదు.

ఊళ్ళో మృగశిర ఎండుతూనే ఉంది, మర్నాడే నాయన ఎద్దుల్ని అమ్మబోయే ఆలూరు సంత. సిగ్గు విడిచి, ఎద్దులు అమ్మవద్దని టెలిగ్రాం కొట్టాను.

మా వైపు టెలిగ్రాం అంటే చావు కబురే. ఆ కంగారులో నాకది తట్టనే లేదు. అప్పటికే నాయన ఎద్దుల్ని తోలుకుని ఊరు దాటాడట. పోస్టుమాన్ చేతిలో కాగితం చూడగానే అమ్మ శోకం పెట్టింది. ఎవరో పరుగెత్తి నాయనను వెనక్కి పిలుచుకొచ్చారు. ఇంగ్లీషు చదవగలిగింది మా చర్చి అయ్యగారు ఒక్కరే. ఆయనేమో, ముందు వీళ్ళకు ఓర్పు రావాలి కదా అని, కాగితం విప్పకుండానే మోకాళ్ళూని పొడుగాటి ప్రార్థన అందుకున్నారు. "నీ దాసుణ్ణి నీ చెంతకు పిలుచుకున్నావు ప్రభువా" అనే దాకా పోయారు. ఆమెన్ అనేసరికి సంత వేళ దాటిపోయింది, పడమట మబ్బు లేచింది. ఆయన కాగితం విప్పి చదువుతుంటే దాని మీద చినుకులు పడ్డాయట.

నేను ఊరికి పోగానే అమ్మ వీపు మీద రెండు చరిచి, తర్వాత గట్టిగా పట్టుకుంది. "సచ్చినావనుకుంటిమి గదరా!" అంది. ఆ సాయంత్రం కొట్టంలో ఎద్దులు నెమరు వేస్తుంటే చూస్తూ కూర్చున్నాం. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు తక్కువ.

నాయన మటుకు ఒప్పుకోలేదు. "వాన వచ్చేదుండె, వచ్చె. రాయికేం తెలుస్తాదప్పా?" అన్నాడు.

మరుసటేడు మృగశిరకు నేను మిద్దె ఎక్కేసరికి ఆయన గుండు మీదికి వంగి ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు.

"ఏం లేదప్పా, తేలు దూరిందేమోనని చూస్తాండా," అన్నాడు. ముక్కు కొసన చవుడు అంటుకుని ఉంది.

ఆ ముక్కు మీది చవుడు ఎలా వచ్చిందో నాకు తెలుసు. ఆ ప్లేటు ఇంకా నా దగ్గరే ఉంది. దాని మీది బొగ్గు గీతలు ఎలా వచ్చాయో మాత్రం ఇప్పటికీ తెలియదు.