ఎండపెట్టె

"మూత తీయొద్దే. లోపలి ఎండంతా పోతాది," అన్నాడు మా ఆయన.

"పోతే పోనీ, బయట బోలెడు ఉండాది. నువ్వు పనికి పో," అన్నాను.

నవ్వుకుంటూ సోలార్ పలకలు కడిగే పనికి పోయాడు. మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. మధ్యాహ్నం ఆ పలకల మధ్యనే కూలిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు.

ఎప్పుడో పావగడ సంతలో బొరుగులు కట్టిచ్చిన తాతలనాటి పత్రిక కాగితంలో ఆయన ఒక బొమ్మ చూశాడు. ఎవరో దొర గాజు మూత పెట్టెలో, నిప్పు లేకుండా, ఎండకే వండుతున్నాడు. రేకులు, పగిలిన అద్దాలు అతికించి ఈయనా ఒకటి చేశాడు. అందులో రాగి సంగటి పెట్టేవాడు. సంగటిని కట్టెతో గెలకాలి కదా, ఈయనేమో మూత తీయనివ్వడు. ఎన్నిసార్లు పెట్టినా పచ్చి పిండి ఉండలే. ఊరంతా నవ్వేది.

ఆ పొద్దు మాత్రం ఉప్పునీళ్లలో శెనక్కాయలు పెట్టిపోయాడు.

శవం లేచిన ఇంట్లో మేము పొయ్యి వెలిగించం. సాయంత్రం మా అత్త ఆ పెట్టె తెరిచి, ఉడికిన కాయలు చూసి అరిచింది. "పొయ్యి ఎవరే ముట్టించింది?"

"ఎవరూ ముట్టించలేదత్తా. పొద్దున ఆయనే ఎండలో పెట్టిపోయినాడు."

ఆమె ఒక కాయ చేతిలోకి తీసుకుంది. "అయితే తినొచ్చు. నా కొడుకే వండిపెట్టి పోయినాడు," అని అందరి చేతుల్లో తలా పిడికెడు పోసింది. ఎవరూ నవ్వలేదు. నేనూ ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాను. మెత్తగా ఉడికింది, ఉప్పు కూడా సరిపోయింది. ఆ మాట ఆయనకు చెబుదామని వాకిలి వైపు తిరిగాను.

అంతే అమ్మీ. మీ మామ గురించి ఇంక చెప్పడం నాతో కాదు. నేను చెప్పిందంతా రాసినావు కదా, ఏదీ, చదువు. ఆయన మాట్లాడిన కాడ కొంచెం మెల్లగా చదువు.